హాజీ సాబ్ చేతిలో మంచు

అక్టోబర్ 27

చలి లేదు. అమ్మతో ఫోన్లో అదే చెప్పాను. "కొంచెం గాలి వస్తోంది, అంతే" అన్నాను. అమ్మ, "మసర్రత్, మన ఊళ్ళో గొర్రెలు కూడా ఆకు రాలగానే కిందికి దిగుతాయే" అంది.

నిజమే. శ్రీనగర్లో అయినా మా షోపియాన్లో అయినా పైగది ఎండాకాలానిది. చుట్టూ కిటికీలు, కిటికీలకు చెక్క జాలీలు, నది మీంచి వచ్చే గాలి. చినార్ చెట్టు ఎర్రబడగానే పరుపులు చుట్టుకుని కింది గదుల్లోకి దిగిపోవాలని కశ్మీర్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నాకేమో ఎం.ఏ. ఉంది. సెప్టెంబర్లో ఈ గది చూడ్డానికి వచ్చినప్పుడు జాలీలోంచి ఎండ పడి నేలంతా తివాచీ పరిచినట్టుంది. కింద ఝీలం మీద ఒక పడవ వెళుతోంది. పడవ మలుపు తిరిగేలోగా ఒప్పేసుకున్నాను.

నిఘత్ మా పెద్దమ్మ కూతురు కాబట్టి వదిలించుకోలేను, ఆసుపత్రిలో నర్సు కాబట్టి నోట్లో నోరు పెట్టలేను. ఇవాళ డ్యూటీ నుంచి వచ్చి, దుప్పట్లోకి దూరి, ముక్కొక్కటి బయటపెట్టి అంది: "వేసవి గదిని చలికాలానికి అద్దెకు తీసుకునేవాళ్ళు లోకంలో ఇద్దరే ఉంటారు. ఒకతి నువ్వు. రెండోది నీ మాట విన్న నేను."

నవంబర్ 3

ఇంటాయన హాజీ నూరుద్దీన్ కావూసా టీ కాచే రాగి సమోవార్ల కొట్టు అల్లుడికి అప్పగించి, ఇప్పుడు పూర్తికాలం ఇంటాయనగానే పనిచేస్తున్నాడు. ఇవాళ మెట్ల మీద దొరికాడు.

"హాజీ సాబ్, కిటికీలకు పాలిథీన్ కొట్టిస్తానన్నారు. వీధిలో అందరూ కొట్టించేసుకున్నారు."

"అన్నాను కదా."

"సెప్టెంబర్లో అన్నారు."

"సెప్టెంబర్లో అన్నమాట నవంబర్లో మారుతుందా కూరీ, బిడ్డా? అన్నానంటే అన్నట్టే."

"మరి కొట్టించడం ఎప్పుడు?"

"చూడు తల్లీ, ఇల్లన్నాక ఊపిరాడాలి. అన్నీ బిగించేసుకుంటే మనిషికి జబ్బు చేస్తుంది. మా తాత ఈ పైగదిలోనే పడుకుని తొంభై ఏళ్ళు బతికాడు."

"చలికాలంలో కూడా ఇక్కడేనా?"

గడ్డం నిమురుకున్నాడు. "చలికాలం కిందే. అయినా తొంభై ఏళ్ళు."

"ఈ ఇల్లు ఊపిరి పీల్చడం లేదు హాజీ సాబ్, ఈల వేస్తోంది" అన్నాను. ఆయన తల పక్కకి వంచి కాసేపు విన్నాడు. "మంచి రాగం" అని దిగిపోయాడు.

నవంబర్ 9

మైదా ఉడికించి, పాత పేపర్లు చింపి, సందులన్నీ అతికించాం. ఒక్క రాత్రి ఈల ఆగింది. పొద్దున లేచేసరికి ఎలుకలు మైదా రుచి చూసి పేపరంతా నున్నగా నాకి పెట్టాయి. సంపాదకీయం మాత్రం ముట్టుకోలేదు.

తర్వాత చలికి మోకాళ్ళ దాకా తొడుక్కునే పాత ఫెరన్ ఒకటి చింపి ఉన్ని కుక్కాం. ఉన్ని ఉన్నచోట గాలి రావడం మానేసింది. మానేసి, పక్క సందు చూసుకుంది.

చివరికి గది మధ్యలో తాడు కట్టి, దాని మీద దుప్పట్లు దింపి, లోపల కూర్చున్నాం. మధ్యలో ఒకే కాంగ్రీ, బుట్టలో పెట్టిన నిప్పుల పిడత, ఇద్దరి కాళ్ళూ దాని చుట్టూ. పైన బొగ్గుల మీద బూడిద కప్పి, కాస్త కదిపి, మళ్ళీ కప్పి, పొదుపుగా కాచుకుంటున్నాం. నిఘత్ చుట్టూ చూసి, "గుడారం వేసేశాం. రేపు నాలుగు మేకలు కొనుక్కుంటే సంచారజాతి అయిపోతాం. అద్దె గదికి ఇస్తున్నాం, కాపురం గుడారంలో" అంది.

మేకలైతే వెచ్చగా ఉంటాయి అన్నాను. సరదాకే అన్నాను.

నవంబర్ 14

చలి లేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే కలం మంచిది కాదు.

నవంబర్ 18

ఇవాళ రేడియో స్టేషన్లో పొద్దుటి వాతావరణం చదువుతుంటే "కనిష్ఠ ఉష్ణోగ్రత" దగ్గర గొంతు ఆగిపోయింది. మామూలుగా కాదు, తలుపు కిర్రుమని ఆగినట్టు. రెండు పాటలు వేసి నెట్టుకొచ్చారు. తర్వాత మా పైఅధికారి షమీమా మేడమ్ తన గదికి పిలిచి, వేడివేడి కహ్వా టీ కప్పు నా ముందు పెట్టి, తీయగా చురక వేసింది.

"మసర్రత్, నువ్వు అంకెలు చదవక్కర్లేదు. ఆ గొంతు వింటే చాలు, జనం ఇంకో దుప్పటి తీసుకుంటారు."

"జలుబు మేడమ్."

"నీకు జలుబు నెల నుంచి ఉంది. మార్చిలో నౌరోజ్ పండగ దాకా నీది పరీక్ష కాలం, గుర్తుందిగా? చలికాలం అంతా గొంతు నిలబడితే ఉద్యోగం నీది. లేకపోతే నన్నేమీ అడగొద్దు."

షోపియాన్లో బాబాయికి ఆపిల్ పళ్ళ కోల్డ్ స్టోరేజీ ఉంది. లెక్కలు చూసే కుర్చీ నా కోసమని ఖాళీగా పెట్టి కూర్చున్నాడు. అంటే రేడియో వాళ్ళు వద్దంటే నాకిక ఏడాది పొడుగునా చలికాలమే.

సాయంత్రం మెట్ల దగ్గర హాజీ సాబ్: "ఇవాళ నీ గొంతు విన్నాను కూరీ. బ్యాటరీ అయిపోయిందేమోనని రేడియో రెండుసార్లు కొట్టాను."

నవంబర్ 23

ఈ ఇంట్లో హమాం ఉంది! ఇన్నాళ్ళూ సామాను గది అనుకున్నాను. కింద, వంటింటి పక్కన, తాళం వేసి. ఇవాళ హాజీ సాబ్ భార్య జూనా దేద్ గోధుమపిండి డబ్బా కోసం తలుపు తీస్తే తొంగి చూశాను. గదంతా నున్నటి నల్లరాతి పలకలు, కింద పొయ్యి. రెండు కట్టెలు వేస్తే చాలు, ఆ రాయి రోజంతా కడుపులో వేడి దాచుకుంటుంది. మా అమ్మమ్మ ఇంట్లో హమాం మీద పడుకుని ఎన్ని చలికాలాలు బద్ధకంగా గడిపామో!

"దేద్, దీన్ని వెలిగించరా?"

జూనా దేద్ వంటింట్లో పొయ్యి పక్క ముడుచుకుని కూర్చుంటుంది, ఫెరన్ లోపల కాంగ్రీ పెట్టుకుని. మనిషి చిన్నది. చలికాలం ఇంకా చిన్నదవుతుంది.

"చుట్టాలొస్తే వెలిగిస్తారట."

"మరి చుట్టాలెప్పుడొస్తారు?"

"హమాం వెలగదని తెలిశాక ఎవరొస్తారు తల్లీ?" అంది. నవ్వుతూ అనలేదు. కట్టెలు మాత్రం మెట్ల కింద నిండా ఉన్నాయి. హాజీ సాబ్ పొద్దున్నే వచ్చి వాటిని దూడల్ని నిమిరినట్టు నిమిరి వెళ్తాడు.

చివరిసారి ఎప్పుడు వెలిగించారని అడిగాను. పెద్దకూతురి పెళ్ళికట. ఆ కూతురి కూతురికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు.

నవంబర్ 30

మైసూమా బజారులో కాయిల్ హీటరు కొన్నాం. ఇటుక మీద తీగ చుట్టిన రకం. పెట్టాక ముందు తీగ ఎర్రబడింది, తర్వాత మా ముఖాలు ఎర్రబడ్డాయి, తర్వాత వీధి మొత్తం చీకటైపోయింది.

కింద తలుపులు తెరుచుకున్న చప్పుడు, తిట్లు. మెట్ల మీద హాజీ సాబ్ టార్చి. దాచడానికి టైము లేదు. నిఘత్ హీటరు మీద ఫెరన్ పరిచి నిలబడింది, కోడిపెట్ట గుడ్ల మీద నిలబడ్డట్టు.

"ఇక్కడ ఏమైనా పెట్టారా?"

"ఏమీ లేదు హాజీ సాబ్."

గాలి వాసన చూశాడు. ఉన్ని మాడుతోంది. "ఏదో కాలుతోందే!"

"నా కడుపండీ" అంది నిఘత్. "రెండు నెలల నుంచి పాలిథీన్ కోసం మండుతోంది."

ఆయన వెళ్ళాక ఫెరన్ ఎత్తి చూస్తే అంచున చెయ్యి పట్టేంత రంధ్రం. ఇక గాలి లోపలికి రావడానికి ఆ ఫెరన్లో కూడా ఒక కిటికీ ఏర్పడింది.

డిసెంబర్ 3

కాందర్ దుకాణం ముందు రొట్టెల వరసలో నిలబడితే తందూరు వేడి ఒళ్ళంతా తగులుతుంది. అందుకే ఈ మధ్య అవసరమైనదానికంటే ఎక్కువసేపు నిలబడుతున్నాను. రొట్టెలు చేసే అలీ మొహమ్మద్ పసిగట్టాడు.

"ఇంకో గిర్దా కావాలా, ఇంకొంచెం వేడి కావాలా?"

"రెండూ. మా ఇంటాయన ఏదీ ఇవ్వడుగా."

"కావూసా సాబా? ఆయన చేత్తో ఇవ్వడు, చేత్తో పుచ్చుకోడు. తొలి మంచు రోజు చూడాలి ఆయన్ని."

వరసలో అందరూ నవ్వారు. ప్రతి ఊళ్ళో ఉన్నదే ఈ ఆట. తొలి మంచు పడ్డ రోజు, చీకటి పడేలోగా, ఎవరికైనా ఏదో ఒకదాంట్లో చిటికెడు మంచు దాచి చేతికిస్తే, వాళ్ళు తెలియక పుచ్చుకుంటే, "కొత్త మంచు ముబారక్!" అనేయాలి. అంతే, పుచ్చుకున్నవాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళు అడిగింది చేయాలి. మా ఊళ్ళో అయితే కోడి విందు అడుగుతారు. ఇక్కడేం అడిగినా చెల్లుతుందట.

"ఆయన ఎన్నడూ ఓడలేదు" అన్నాడు అలీ మొహమ్మద్. "ఆ రోజు చేతులు రెండూ ఫెరన్ లోపల. నా దగ్గర రొట్టె కూడా చేత్తో తీసుకోడు. బల్ల మీద పెట్టమని, విరిచి చూసుకుని తింటాడు. ఒక ఏడు ఆయన బావమరిది పెళ్ళి కార్డు పట్టుకొచ్చాడు. 'అల్మారాలో పెట్టవయ్యా, తర్వాత చూస్తా' అన్నాడు. అందరూ చూస్తుండగా అల్మారాలోంచి నీళ్ళు కారాయి."

ఇంటికి వచ్చేదారంతా ఒకటే ఆలోచన. ఆయనకి మంచు పుచ్చుకునేట్టు చేస్తే? హమాం తాళం తీయమని అడగొచ్చు. పాలిథీన్ అడగొచ్చు. ఒక్క చిటికెడు మంచుకి గొంతు నిలబడుతుంది. కోల్డ్ స్టోరేజీ తప్పుతుంది.

నిఘత్‌తో చెప్పాను. "నువ్వే రేడియోలో 'రేపు మంచు కురవచ్చు' అని చదువుతావు. ఆయన నీ నోటి నుంచే విని చేతులు ఫెరన్లో పెట్టుకుంటాడు. శత్రువుకి ముందే కబురు పెట్టి యుద్ధానికి వెళ్ళేదాన్ని నిన్నే చూశాను" అంది.

డిసెంబర్ 8

మంచు లేదు. మంచు తప్ప అన్నీ ఉన్నాయి. కొళాయి గడ్డకట్టింది. ఆరేసిన నిఘత్ తువ్వాలు తీసి నేల మీద నిలబెడితే నిలబడింది.

డిసెంబర్ 12, మధ్యాహ్నం

ఓడిపోయాను.

ఎలా ఓడిపోయానో రాస్తాను, కోపం తగ్గుతుందేమో.

తెల్లవారుతుండగా స్టేషన్‌కెళ్ళేటప్పుడే మంచు మొదలైంది, మెత్తగా, చప్పుడు లేకుండా. పొద్దుటి వాతావరణం చదివేసి, వచ్చేదారిలో రాగి గిన్నె నిండా సూజీ హల్వా చేయించుకొచ్చాను. మధ్యలో గుంట తీసి మంచు పెట్టి, పైన హల్వా మూసి, బాదం అద్దాను. చక్కగా కుదిరింది. ఎంత చక్కగా కుదిరిందంటే నాకే తినాలనిపించింది.

హాజీ సాబ్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు.

"హాజీ సాబ్, అమ్మ ఊర్నుంచి పంపింది."

"ఈ మంచులో? రోడ్డు మూసేశారని నువ్వే చెప్పావు కదమ్మా పొద్దున."

నేనే చెప్పాను. పొద్దున. షోపియాన్ దారి, మొఘల్ రోడ్డు, అన్నీ స్పష్టంగా, గొంతు బొంగురుపోయినా ఒక్క పేరూ మింగకుండా చెప్పాను.

"అరుగు మీద పెట్టు కూరీ" అన్నాడు కనికరంగా. పెట్టాను. పిచ్చుక వచ్చి బాదం పట్టుకుపోయింది.

సరే, ఓడలేదు కదా, ఆయన పుచ్చుకోలేదు, అంతే అనుకుంటూ మెట్లు ఎక్కుతున్నాను. వెనక నుంచి పిలిచాడు.

"నిలబడు తల్లీ. నువ్వు దగ్గుతూ రేడియోలో మాట్లాడుతుంటే జూనా ఊరుకోవడం లేదు. ఇదిగో."

ఫెరన్ లోంచి చుట్ట తీశాడు. పాలిథీన్! మందపాటిది, మిలమిల మెరిసేది, రెండు కిటికీలకి సరిపోయేంత. కొట్టడానికి మేకులు కూడా పైన కట్టి ఉన్నాయి. ఆ మేకులు చూసి కరిగిపోయాను. రెండేసి మెట్లు దిగి, రెండు చేతులా పుచ్చుకుని, "అల్లా మీకు హాయినివ్వాలి హాజీ సాబ్, మీకు వెయ్యేళ్ళ ఆయుష్షు" అని కూడా అన్నాను. అన్నాను! చుట్ట మధ్యలోంచి చన్నీళ్ళు నా మోచేతి దాకా కారాయి.

"కొత్త మంచు ముబారక్" అన్నాడు హాజీ సాబ్, నింపాదిగా.

ఏం అడిగాడో తెలుసా? నౌరోజ్ దాకా ఈ ఇంటి కిటికీల గురించీ, హమాం గురించీ ఒక్క మాట మాట్లాడకూడదట. ఆయనతో గానీ, జూనా దేద్‌తో గానీ. ఒక్క మాట.

ఆ పాలిథీన్ కూడా వెనక్కి తీసుకున్నాడు. పక్కింటివాళ్ళదట. అడిగి తెచ్చాడట.

అదే రోజు, దీపాలు పెట్టాక

ఇదంతా ఇవాళే జరిగిందంటే నమ్మలేకపోతున్నాను. వరసగా రాయాలి.

మధ్యాహ్నం నేను గుడారంలో కూర్చుని పైవన్నీ రాస్తుంటే మెట్ల మీద ఎవరో ఆగి ఆగి వస్తున్న చప్పుడు. జూనా దేద్. మోకాళ్ళ నొప్పులతో పైకి ఎక్కింది. ఆవిడ పైగదికి రావడం మేమొచ్చాక ఇదే మొదలు.

గుమ్మంలో నిలబడి చూసింది. మా తాడు, మా దుప్పట్లు, ఉన్ని కుక్కిన సందులు. ఉత్తరం కిటికీ గట్టు మీద, లోపలి వైపున, జాలీలోంచి వచ్చి పోగుపడ్డ మంచు. తీసి పారేద్దామనుకుని మర్చిపోయాను. ఆవిడ నోటి ముందు ఊపిరి తెల్లగా కనబడుతోంది.

"చలికాలంలో ఈ గదిలోకి నేనెప్పుడూ రాలేదు" అంది మెల్లగా.

నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. పందెం పందెమే. నిఘత్ అటు పక్క నుంచి లేచి కూర్చుంది.

"ఓడింది ఇది దేద్, నేను కాదు" అని మొదలుపెట్టింది. కిటికీల గురించి, ఎలుకల గురించి, హీటరు గురించి, నా గొంతు గురించి, కోల్డ్ స్టోరేజీ గురించి, హమాంకి తాళం పెట్టి కట్టెల్ని ముద్దుచేసే మనుషుల గురించి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. నేను మధ్యలో తల మాత్రం ఊపాను. తల ఊపకూడదని పందెంలో లేదు.

జూనా దేద్ అంతా విని, గట్టు మీది మంచుని చేత్తో కాస్త నొక్కి చూసింది.

"నీ పీడంతా నాకు తగలనీ, ఏడవకు" అంది నాతో. నేనేమీ ఏడవడం లేదు. కళ్ళు చలికి కారుతున్నాయి. "ఆయన సాయంత్రపు అసర్ నమాజుకి వెళ్ళాడు. తిరిగి రావడానికి ఇంకా టైముంది. నీ పెళ్ళికి నాకు మంచి శాలువా పెడతానంటే ఒక సంగతి చెబుతాను."

"పెడతాను దేద్."

"నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నా. బయటి నుంచి రాగానే చెప్పులు విడుస్తూ చెయ్యి వెనక్కి చాపుతాడు. నేను కాంగ్రీ అందులో పెడతాను. ఒక్కనాడూ తిరిగి చూడడు. ఊరంతటి మీదా అనుమానమే, ఆ చేతికి మాత్రం లేదు." తడి చెయ్యి ఫెరన్‌కి తుడుచుకుంటూ అంది, "నేనున్నానని కూడా ఆ చేతికి తెలియదేమో."

ఇంకేం కావాలి! ఆయన కాంగ్రీ తెచ్చాం. బొగ్గులు తీసేసి, మట్టి పిడత కడుపులో మా కిటికీ గట్టు మీది మంచు కుదించాం. మా గదిలో పండిన మంచు! పైన వేలెడు మందాన చల్లటి బూడిద పరిచాం. పైకి చూస్తే నిప్పు బూడిద కింద దాగినట్టే ఉంది.

నేను, నిఘత్ వంటింటి తలుపు వెనక నక్కాం. హాజీ సాబ్ వచ్చాడు. భుజాల మీది మంచు దులిపాడు. ఎడమ చెప్పు విడుస్తూ చెయ్యి వెనక్కి చాపాడు. జూనా దేద్ కాంగ్రీ పెట్టింది. ఆయన ఫెరన్ కిందికి లాక్కుని, కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఇవాళ ఆ రేడియో పిల్ల మొహం నువ్వు చూడాల్సింది జూనా" అన్నాడు. "రెండు చేతులా పుచ్చుకుంది. దీవెనలు కూడా పెట్టింది."

"అవునా?"

"హల్వా తెచ్చింది నాకు. నాకు!" నవ్వు. మళ్ళీ నవ్వు. తర్వాత నవ్వు కొంచెం సన్నబడింది. "ఇందులో నిప్పు కాస్త... కదిపి పెట్టావా?"

"మీరే కదిపి చూసుకోండి."

అంచుకి వేలాడే చిన్న గరిటె తీసుకుని కదిపాడు. తెల్లగా తేలింది.

"కొత్త మంచు ముబారక్, హాజీ సాబ్" అంది జూనా దేద్. లోకం పిలిచే పేరుతో ఆవిడ ఆయన్ని పిలవడం నేనెప్పుడూ వినలేదు. ఆయన కూడా వినలేదనుకుంటా.

"మొగుడూ పెళ్ళాల మధ్య ఇది చెల్లదు!"

"మరి బావమరిది దగ్గర చెల్లిందే?"

"ఇది ఆ పిల్లల పని."

"చెయ్యి నాది."

ఆయన ఇంకా ఏదో అనేలోగా నిఘత్ కిటికీ తలుపు తోసి వీధిలోకి తల పెట్టి అరిచింది: "హాజీ సాబ్ పట్టుబడ్డారు! తొలి మంచు! హాజీ సాబ్ పట్టుబడ్డారు!" ఆసుపత్రిలో అటువంటి గొంతు ఎందుకు కావాలో నాకిప్పుడు తెలిసింది. నిమిషంలో వాకిలి నిండిపోయింది. అలీ మొహమ్మద్ పిండి చేతుల్తోనే పరిగెత్తుకొచ్చి, కాంగ్రీలోకి వంగి చూసి, "మంచే" అని తీర్పు చెప్పాడు. బావమరిదికి ఎవరో ఫోన్ చేస్తున్నారు.

హాజీ సాబ్ గోడకి ఆనుకున్నాడు. "సరే. ఏం కావాలో అడుగు."

నేను తలుపు వెనక నుంచి జూనా దేద్ వైపు కళ్ళతో చెబుతున్నాను: హమాం, హమాం, హమాం. మాట్లాడకూడదు కదా, కనుబొమలతో తాళం తీసి చూపించాను.

ఆవిడ నావైపు చూడనే లేదు.

"ఈ చలికాలం మీరు పైగదిలో పడుకోండి" అంది. "ఈ పిల్లలిద్దరూ కింద హమాంలో, నాతో."

"పైగదిలోనా!" హాజీ సాబ్ గొంతు కీచుమంది. "అక్కడ చలికి చచ్చిపోతాను!"

ముందుగా అలీ మొహమ్మద్, ఆ తర్వాత అందరూ. మంచు రాలిపోయేలా నవ్వారు.

డిసెంబర్ 13

హమాం వెలిగింది. ముందు గదంతా పొగ. ఇన్నేళ్ళ బద్ధకం వదిలించుకోవడానికి రాయికి సగం రోజు పట్టింది. తర్వాత పలకల అడుగు నుంచి నెమ్మదిగా, నది లేచినట్టు, వేడి లేచింది. జూనా దేద్ ఫెరన్ కూడా తీయకుండా నేల మీద బోర్లా పడుకుంది, చెంప రాతికి ఆనించి. ఎంతసేపటికీ లేవలేదు. నిఘత్ కంగారుపడి నాడి చూసింది.

"బతికే ఉన్నా" అంది దేద్ కళ్ళు తెరవకుండా. "కదిలించకు. ఇప్పుడే వీపు దాకా వచ్చింది."

డిసెంబర్ 16

వాతావరణం చదివాను. "కనిష్ఠ ఉష్ణోగ్రత" గాజు పలక మీద జారినట్టు జారిపోయింది. షమీమా మేడమ్ అద్దం అవతల నుంచి బొటనవేలు చూపించింది.

డిసెంబర్ 18

హాజీ సాబ్ పొద్దున దిగొచ్చాడు. ముక్కు ఎర్రగా ఉంది. ఎలా నిద్రపట్టిందని జూనా దేద్ అడిగింది. బాగానే పట్టిందన్నాడు. ఉప్పేసిన నూన్ చాయ్ గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగకుండా అలా కూర్చున్నాడు. హమాం తలుపు వైపు ఒకసారి చూసి, మా ముగ్గుర్నీ చూసి, లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మెట్ల మీద పాలిథీన్ చుట్ట మోసుకెళ్తున్న మనిషి ఎదురయ్యాడు. కొత్తది. పక్కింటివాళ్ళది కాదు.

డిసెంబర్ 20

పైన సుత్తి దెబ్బలు. వడ్రంగి వచ్చాడు. మూడు వైపులా పాలిథీన్ కొట్టి, సందుల్లో చెక్క బద్దలు దిగ్గొట్టి వెళ్ళాడట. నిఘత్ చూసొచ్చింది. "మనం ఉన్నప్పుడు ఒక్క మేకు లేదు. ఇప్పుడు చూడు, పెట్టెలా బిగించాడు. ఉత్తరం వైపు మాత్రం మిగిలింది. అటు గాలి తక్కువే, చాల్లే అన్నాడట" అని చెప్పింది.

అటు గాలి తక్కువా? మా మంచు అంతా అటు నుంచే వచ్చింది. అడుగుదామని నోటి దాకా వచ్చింది. మింగాను. నౌరోజ్ దాకా ఒక్క మాట లేదు.

కానీ నౌరోజ్ అయ్యాక ఆయన కిందికి, మేము పైకి. మళ్ళీ వచ్చే చలికాలం కూడా ఉంటుంది. ఆ ఉత్తరం వైపు అలా వదిలేస్తే మళ్ళీ అదే ఈల, అదే గుడారం. ఆయన కిందికి దిగాక ఇంకెవరు కొట్టిస్తారు?

డిసెంబర్ 22

చిల్లై కలాన్ నిన్న మొదలైంది. నలభై రోజుల పెద్ద చలి. ఇవాళ బులెటిన్ తర్వాత షమీమా మేడమ్ పిలిచింది. "నౌరోజ్ దాకా ఆగడం ఎందుకు, పై వాళ్ళకి నీ పేరు పంపేశాను. ఇక నీ గొంతు నీ ఇష్టం" అంది. మేడమ్ గదిలోనే ఏడ్చాను. ఈసారి నిజంగానే.

బాబాయికి ఫోన్ చేసి కుర్చీ వేరే ఎవరికైనా ఇవ్వమన్నాను.

ఇంటికొస్తే హాజీ సాబ్ మెట్ల మొదట్లో నా కోసం కాచుకుని ఉన్నాడు. రెండు టోపీలు పెట్టుకున్నాడు.

"రేడియో పిల్లా, నిజం చెప్పు. ఈ రాత్రి ఎలా ఉంటుంది? ఈ వారం ఎలా ఉంటుంది? మీ వాళ్ళకి లోపల్లోపల తెలుస్తుంది కదా."

నిజానికి ఇవాళ మధ్యాహ్నం వచ్చిన సమాచారం ఏమిటంటే, మూడు నాలుగు రోజులు మబ్బు పట్టి చలి తగ్గుతుంది. రేపు పొద్దున అదే చదవబోతున్నాను.

నేను ఒక మెట్టు ఎక్కి, ఆగి, దిగులుగా ముఖం పెట్టాను.

"ఏం చెప్పమంటారు హాజీ సాబ్. ఉత్తరం నుంచి గాలి మళ్ళుతోందట. ఇన్నాళ్ళూ పడింది చలి కాదట."

ఆయన ముఖంలో రక్తం లేదు. వెనక్కి తిరిగి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా, మంచులో వడ్రంగి ఇంటి వైపు నడిచాడు.

ఇప్పుడు పైన సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. ఉత్తరం వైపు. జూనా దేద్ పక్కనే పడుకుని దెబ్బ పడ్డప్పుడల్లా "హాఁ" అంటోంది, లెక్క పెడుతున్నట్టు. పొద్దున ఆయన రేడియో పెట్టేలోగా మేకులన్నీ దిగిపోవాలి.

కిటికీ అన్న మాట నా నోటి నుంచి రాలేదు. రేడియోలో ఇంతవరకూ ఒక్క అబద్ధం చెప్పలేదు, చెప్పను కూడా. మెట్ల మీద మాట్లాడే మాటలకు నాకెవరూ జీతం ఇవ్వరు.